ఎక్కు కాళ్లు, వాయించు చేతులు

మా పొరుగున ఒక బాలుడు కలడు. వానికి పదునాలుగేండ్లు. మా ఊరు కోనసీమలో కాలువగట్టున నున్న చిన్న గ్రామము. ఆ బాలునకు రెండు వేడుకలు. ఎత్తైనది ఏది కనబడినను ఎక్కవలెను. బోలుగా నున్నది ఏది దొరకినను వాయింపవలెను. తెల్లవారుసరికి పెరటిలోని కొబ్బరిచెట్టుపై సగము ఎత్తున నుండును. సాయంకాలమున బియ్యపు డబ్బాయో, భోజనపు బల్లయో వాని చేతిక్రింద మద్దెల యగును. పాఠము జరుగుచుండగా బల్లమీద వ్రేళ్లాడించినందుకు బడిలో గోడకుర్చీ కూడ వేసినాడు.

ఒకనాడు వాని తండ్రి నా యొద్దకు వచ్చి, “మాస్టారూ! మా వాడికి మీరైనా బుద్ధి చెప్పండి. ఒక పూట చెట్టుమీద, ఒక పూట డబ్బామీద. ఇక చదివేది ఎప్పుడు? ఎక్కడం కోతుల పని, వాయించడం పని లేనివాళ్ల పని. వీటితో అన్నం వస్తుందా?” అని అడిగెను.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆయన ప్రశ్నలో తండ్రి భయము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఆయన మాటలలో రెండు పొరపాట్లు కలవని నాకు తోచినది. ఎక్కుటయు వాయించుటయు విద్యలు కావనుట మొదటిది. వానివలన అన్నము తినువారు మన కన్నుల యెదుటనే యున్నను వారిని మరచుట రెండవది. ఈ రెండింటినిగూర్చి నా అభిప్రాయమును, విద్యార్థులారా, మీ ముందుంచుచున్నాను. మీలో పలువురకు ఇట్టి వేడుకలుండును. మీ తండ్రులలో పలువురకు ఇట్టి భయములుండును.

వేడుక యను మాటను మనము రెండర్థములలో వాడుచున్నాము. ప్రొద్దుపోక చేయు పనియు వేడుకయే, ప్రొద్దు తెలియక చేయు పనియు వేడుకయే. మొదటిది కాలక్షేపము, రెండవది అభ్యాసము. కాలక్షేపమునందు నిన్నటికిని నేటికిని భేదముండదు. వీథి యరుగుపై కూర్చుండి వచ్చిపోవువారిని చూచువాడు పదేండ్లు చూచినను ఆ చూచుటలో నేర్పరి కాడు. అభ్యాసము అట్లు కాదు. నిన్న జారినచోట నేడు జారకుండవలెను, నిన్న తప్పిన తాళము నేడు తప్పరాదు అను పట్టుదల అభ్యాసమునకు ప్రాణము. ఆ పట్టుదల పుట్టిన క్షణమున ఆట విద్యగా మారును. ఈ గుర్తుతోనే మన బాలుని వేడుకలను పరీక్షింతము.

ముందు ఎక్కుటను తీసికొందము. గోదావరి డెల్టా చదునైన నేల. ధవళేశ్వరమువద్ద 1852వ సంవత్సరమున ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పారి ఈ ప్రాంతము వరిచేలకును తోటలకును నెలవైనది. కాని కొండ యెక్కవలెనని ఉబలాటపడు బాలునకు డెల్టా నడుమ కొండ లేదు. రాజమహేంద్రవరమునకు సమీపమున కోరుకొండ నిటారుగా నిలిచియున్నది. నరసింహస్వామి దర్శనమునకై దాని మెట్లెక్కినవారికి పిక్కల నొప్పి కొన్నాళ్లు జ్ఞాపకముండును. పాపికొండలను చూడవలెనన్న నదిలో ఎగువకు పోవలెను. కావున కోనసీమ పిల్లవానికి కొబ్బరిచెట్టే కొండ. అరువది, డెబ్బది అడుగుల మ్రాను. కొమ్మ యొక్కటియు లేదు. రాలిన మట్టలు విడిచిన వలయములు తప్ప పట్టు లేదు. దానిపై ఎగబ్రాకువాడు తెలియకయే పర్వతారోహణమున మొదటి పాఠమును చదువుచున్నాడు.

ఆ పాఠమేమి? రెండు చేతులు, రెండు కాళ్లు కలిసి నాలుగు ఆధారములు. ఒకటి కదలునప్పుడు తక్కిన మూడును స్థిరముగా నుండవలెను. రెండింటిని ఒకేసారి వదలుట ధైర్యము కాదు, తెలివితక్కువ. పట్టు దొరకినదని నమ్మకముగా తెలియువరకు బరువు వేయరాదు. భుజబలముతో పైకి లాగుకొనువాడు త్వరలో అలయును. కాలిబలముతో పైకి నెట్టుకొనువాడు చాలదూరము పోవును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఎక్కుటకు ముందే దిగుట యెట్లో ఆలోచింపవలెను. ఈ నియమములను పాటించువానికి ఓర్పు, ముందుచూపు, తన బలమును తాను కొలుచుకొను శక్తి అలవడును. ఏ పాఠ్యపుస్తకమైనను ఇంతకంటె గొప్ప గుణములను నేర్పజాలదు.

ఈ విద్య నేర్చి లోకమున నిలిచిన తెలుగు బాలిక కథ మీరు వినియే యుందురు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండెను. భువనగిరి కోట నిలిచియున్న ఏకశిల తెలుగునాట శిలారోహణమునకు పేరొందిన స్థలము. పూర్ణ అచ్చటనే శేఖర్ బాబు బచినేపల్లి అను శిక్షకునియొద్ద తాడు పట్టుట, రాయి పట్టుట నేర్చుకొనెను. పిదప డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందెను. లడఖు చలిలో దేహమును కాచికొనెను. 2014వ సంవత్సరము మే నెల 25వ తేదీన, పదునాలుగేండ్లు ఇంకను నిండకుండగనే, ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ అను తోటి విద్యార్థితో కూడ ఎవరెస్టు శిఖరమునెక్కెను. అంతవరకు అంత చిన్న వయస్సున ఆ శిఖరమునెక్కిన బాలిక లేదు. నేపాలు వైపునుండి ఎక్కుటకు పదునారేండ్లు నిండవలెనను నియమముండుటచేత వారు టిబెట్టు వైపు మార్గమున పోయిరి. 2022వ సంవత్సరమునకు పూర్ణ ఏడు ఖండములలోని అత్యున్నత శిఖరములనన్నిటిని ఎక్కి ముగించెను.

ఎవరెస్టు ఎత్తు 8848.86 మీటర్లు. అచ్చట గాలి యొత్తిడి సముద్రతీరమునందలి యొత్తిడిలో మూడవ వంతు మాత్రమే. అట్టిచోట పరుగెత్తువాడు నాలుగడుగులకే కూలబడును. అనుభవజ్ఞులు ఒక అడుగు వేసి, నిలిచి, ఊపిరి తీసికొని, మరల అడుగు వేయుదురు. అడుగునకును ఊపిరికిని ఒక లెక్క కుదురును. ఆ లెక్క తప్పనంతవరకు వారు నడువగలరు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మనకు ముందు పని యున్నది.

ఎక్కుటలో అపాయము లేదని నేను చెప్పను. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు విజయనగరము జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకొనెను. రాజమహేంద్రవరమువద్ద నేను చెప్పిన కోరుకొండ వేరు, ఇది వేరు. ఆయన 2006వ సంవత్సరమున 172 దినములలో ఏడు ఖండముల శిఖరములను ఎక్కి కీర్తి పొందెను. అంతటి ఆరితేరినవాడును 2015వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములకు పోయి ప్రాణముతో తిరిగి రాలేదు. ఎంత నేర్చినవాడైనను కొండకంటె పెద్దవాడు కాడు. అట్లని ఏటిలో మునిగినవారు కలరని ఈత మానుకొందుమా? గోదావరి ఒడ్డున పుట్టినవాడు ఈత నేర్వకుండుటయే పెద్ద అపాయము. అపాయమును చూచి విద్యను మానరాదు. విద్యచేత అపాయమును తగ్గించుకొనవలెను.

ఇక వాయించుట. “పని లేనివాళ్ల పని” అని ఆ తండ్రి యనినాడు. మృదంగమును ఒకసారి దగ్గరగా చూడుడు. పనసమ్రాను తొలిచి చేసిన దేహము, రెండువైపుల తోలుమూతలు, వానిని బిగించిన తోలువారు. కుడిమూత నడుమ నల్లని రాతిపొడిని అన్నముతో కలిపి నూరి పొరలు పొరలుగా మెత్తుదురు. ఎడమ మూతకు కచ్చేరీకి ముందు తడిపిన రవ్వముద్దను అంటింతురు. ఈ పూతలు అలంకారము కొరకు కావు. సామాన్యముగా బిగించిన తోలును కొట్టినచో చప్పుడు మాత్రమే పుట్టును. దానినుండి లేచు ధ్వనులు ఒకదానితోనొకటి కలియవు. మృదంగమున మాత్రము ఆ నల్లని మరక ధ్వనులను సరిదిద్ది చప్పుడును స్వరముగా మార్చును. బాల్యమును విశాఖపట్టణమున గడపిన సర్ సి. వి. రామన్ 1920వ సంవత్సరమున తన సహచరునితో కలిసి ఈ రహస్యమును శాస్త్రలోకమునకు తెలియజేసెను. నోబెల్ బహుమానము పొందిన మహాశాస్త్రజ్ఞుడు మద్దెల ముందు కూర్చుండి ఆలోచించినాడు. అట్టి వాద్యమును పని లేనివారి పనియని మనమెట్లందుము?

వాయించుట చదువునకు శత్రువని కొందరి తలంపు. నాకు అది చదువునకు చుట్టమువలె కనబడుచున్నది. మృదంగమున మొదట నేర్పునవి త, ధి, తోం, నం అను నాలుగు అక్షరములు. ఆ నాలుగింటిని మొదట నెమ్మదిగా, పిదప రెట్టింపు వేగమున, ఆ పైన దానికి రెట్టింపు వేగమున వాయింపవలెను. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. అందు మూడేసి క్రియల ముక్కలను పేర్చుకొనుచు పోయినచో ఒక ఆవర్తమున లెక్క కుదరదు, రెండవ ఆవర్తమున కుదరదు. మూడు ఆవర్తములు ముగిసి ఇరువదినాలుగు క్రియలు నిండినప్పుడు గాని ముక్కయు తాళమును ఒక్కచోట కలియవు. కనిష్ఠ సామాన్య గుణిజమును మీరు పలకమీద కట్టుదురు; మార్దంగికుడు దానిని వ్రేళ్లమీద కట్టును. లెక్క తప్పినచో మీకు మార్కులు పోవును; ఆయనకు సభలో మానము పోవును. ఏకాగ్రతకు ఇంతకంటె మంచి సాధన ఏది?

ఈ సాధనకు మన గోదావరి సీమయందే గొప్ప నిదర్శనము కలదు. 1950వ సంవత్సరమున ఏలూరులో జన్మించిన నిడుమోలు సుమతి బాల్యముననే తండ్రియొద్ద మృదంగము నేర్చెను. ఆడుపిల్ల వీణ వాయించిన మెచ్చుకొనుచు, మృదంగము ముట్టిన ముక్కుమీద వ్రేలు వేసికొను దినములవి. ఆమె ఆ మాటలను చేతితోనే త్రోసివేసెను. దండమూడి రామమోహనరావు అను ప్రసిద్ధ విద్వాంసుని శిష్యరికము చేసి, ఆయనకే ఇల్లాలై, పెద్ద విద్వాంసుల కచ్చేరీలకు సహకరించెను. 2021వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ప్రకటించెను. ఒక బాలిక శిఖరమునెక్కినది. ఒక బాలిక మృదంగమును పట్టినది. ఇవి మీకు తగవని ఎవ్వరో చెప్పియే యుందురు. ఇద్దరును దానికి ప్రతివాదము చేయక, పని చేసి చూపిరి.

ఎక్కుటకును వాయించుటకును సంబంధమేమని మీరడుగవచ్చును. పర్వతమున అడుగునకును ఊపిరికిని లెక్క కుదరవలెనని పైన చెప్పితిని. ఆ కుదురుపాటునే లయ యందురు. దేహమున లయ కుదిరినచో బరువు తగ్గినట్లుండును. దీనిని కోనసీమవారు కనుమనాడు కన్నులార చూడగలరు. జగ్గన్నతోటకు చుట్టుపట్ల గ్రామములనుండి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను భుజములపై మోయుచు చేలకడ్డముగా వచ్చి కౌశిక నదీపాయను దాటింతురు. క్రింద బురద, నడుమ నీరు, పైన మోయరాని బరువు. ఒక్కని కాలు తప్పిన అందరి భుజములు తప్పును. అప్పుడు వారినందరిని ఒక్క దేహముగా చేయునది ప్రక్కన మ్రోగుచున్న వాద్యము. డోలు దెబ్బకు అడుగు పడును; అడుగునకు ఊపిరి అందును. చేతిలోని లయ కాలికి ఎట్లు సాయపడునో అచ్చట తెలియును. మా పొరుగు బాలునకు రెండు వేడుకలు కలవని నేను ముందు వ్రాసితిని. నిజమునకు వానికున్నది ఒకే వేడుకయేమో!

ఇంతవరకు మొదటి పొరపాటునుగూర్చి చెప్పితిని. రెండవది దీనికంటె పెద్దది. “వీటితో అన్నం వస్తుందా?” అని ఆ తండ్రి యడిగిన దినమునకు రెండు వారముల పిమ్మట వారి తోటలో దింపు జరిగెను. కోనసీమలో కొబ్బరికాయలు దించువారిని దింపు కార్మికులందురు. ఆనాడు వచ్చినతడు ఏబదేండ్లవాడు. కాళ్లకు బందము తగిలించుకొని, నడుమున కత్తి దోపుకొని, మేము చూచుచుండగనే మట్టల నడుమకు చేరెను. అచ్చట ఒక్కొక్క కాయను కత్తితో తట్టి, చెవియొగ్గి విని, కొన్నిటిని కోసెను, కొన్నిటిని విడిచెను. బాలుడు క్రిందనుండి ఆశ్చర్యముతో వినుచుండెను. ముదురుకాయకు ఖంగుమను నాదము. లేతకాయకు మొద్దు శబ్దము. అంత ఎత్తున, ఒంటికాలి ఆధారముమీద, అతడు నాదపరీక్ష చేయుచుండెను! ఎక్కుటయు వాయించుటయు రెండును అతనికి తెలియును. వానికి వేడుకయని పేరు మాత్రము లేదు.

అతడు దిగినపిదప బాలుడు, “బాబాయ్! బందం లేకుండా ఎక్కలేవా? నేను ఎక్కుతాను” అనెను. అతడు నవ్వి, “ఎక్కగలను బాబూ. నీ వయసులో నేనూ అలాగే ఎక్కేవాణ్ణి. మా తమ్ముడూ ఎక్కేవాడు. వానాకాలంలో కాలు జారి పడ్డాడు. అప్పటినుంచి మంచం దిగలేదు. నువ్వు ఎక్కి దిగితే చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. నేను ఎక్కి దిగితే కాయలు లెక్కపెడతారు” అనెను. బాలుడు తల వంచుకొనెను. వాని తండ్రియు నేనును ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి.

ఆ మాటలలో చేదు లేదు. నిజము మాత్రమే యున్నది. వేడుకకై ఎక్కువానికి తాడు, శిరస్త్రాణము, శిక్షకుడు కావలెనని మనమందరము ఒప్పుకొందుము. అన్నమునకై ఎక్కువానికి అవి కావలెనని తలచువారెందరు? 2011వ సంవత్సరమున కొబ్బరి అభివృద్ధి మండలి యంత్రసాధనముతో చెట్టెక్కు విధమును యువకులకు నేర్పుటకు ఒక శిక్షణను ప్రారంభించెను. పడినవారికి భీమా యుండవలెనను ఆలోచనయు అందు చేరెను. ఇట్టి ప్రయత్నములు ప్రతి తోటకును అందవలసియున్నది. కొబ్బరినీరు త్రాగు ప్రతివాడును ఆ కాయను దించిన కాళ్లకు బాకీపడియున్నాడు.

వాయించుటలోను ఇట్టి భేదమే కలదు. మా బాలుడు ఊరి జాతరలో దప్పు వాయించువారి వెంట తిరిగి, తానును నేర్చుకొందునని పట్టుపట్టినప్పుడు వారి బంధువొకడు, “మృదంగమైతే నేర్చుకో. అది మాత్రం మనది కాదు” అని కసరెను. ఏల కాదు? మృదంగమునకు ఉన్నదియు తోలే, దప్పునకు ఉన్నదియు తోలే. సెగ చూపి తోలును శ్రుతికి తెచ్చుట, ఒకచేత పొట్టి కర్రను, ఒకచేత సన్నని పుల్లను ఆడించుచు నడచుచునే దరువు తప్పకుండుట సామాన్యమైన నేర్పు కాదు. పెండ్లికిని చావునకును, జాతరకును చాటింపునకును ఊరు ఆ వాద్యమును పిలిచినది. వాయించినవారిని మాత్రము ఊరి వెలుపల నుంచినది. 1950వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. చట్టము తన పని చేసినది. మనస్సులలో మిగిలియున్న గీతను చెరుపవలసినవారము మనము. ఒక వాద్యమును ఆనందముతో విని, దానిని వాయించినవానిని చులకనగా చూచుట కృతఘ్నత.

వాద్యము ఒక జాతి జ్ఞాపకమునంతను మోయగలదని తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మణుగూరు మండలమున కూనవరము గ్రామవాసియైన సకిని రామచంద్రయ్య కోయల డోలు వాయించుచు సమ్మక్క సారలమ్మల గాథలను, తమ వంశముల చరిత్రలను గానము చేయుచుండెను. అవి పుస్తకములలో చూచి పాడినవి కావు. పెద్దల నోటినుండి విని నిలుపుకొన్నవి. 2022వ సంవత్సరమున ఆయనకు పద్మశ్రీ లభించెను. 2024వ సంవత్సరమున ఆయన కన్నుమూసెను. అట్టివాడు పోయినప్పుడు ఆయనయొద్ద నేర్చినవారు లేనిచో డోలు గోడకు వ్రేలాడుచుండును, కథ మాత్రము మరలి రాదు. కావున ఒక బాలుడు దప్పో డోలో నేర్చుకొందునన్నప్పుడు కసరుట కాదు, సంతోషింపవలెను.

అట్లని వేడుకల పేరిట ఇష్టము వచ్చినట్లు తిరుగుమని నేను చెప్పుటలేదు. బాలురకును బాలికలకును నేను చెప్పునవి నాలుగు మాటలు. గురువు లేక చెట్టునుగాని రాతినిగాని ఎక్కవలదు. తాడు లేక అసలే వలదు. తడిసిన మ్రానును ముట్టనే వలదు. రెండవది, మీ సాధనకు ఒక వేళ నేర్పరచుకొనుడు. ప్రతిదినము అరగంట నియమముగా చేసిన సాధన ఆదివారమునాడు ఆరు గంటలు చేసినదానికంటె మేలు. మూడవది, మీ వాద్యము పొరుగువాని నిద్రకు శత్రువు కారాదు. రోగియున్న యింటి ప్రక్కను, పరీక్షకు చదువువాని ప్రక్కను మీ చేతులు మౌనము నేర్వవలెను. తాళమున శబ్దమెంత ముఖ్యమో విరామమంత ముఖ్యము. నాలుగవది అన్నిటికంటె పెద్దది. మీరు వేడుకకై చేయు పనిని బ్రతుకుతెరువుకై చేయువారు ఎచ్చట కనబడినను వారికి నమస్కరింపుడు. వారియొద్ద ఒక మెళకువనైనను అడిగి నేర్చుకొనుడు.

తండ్రులకును ఒక మాట. “వీటితో అన్నం వస్తుందా?” అను ప్రశ్న తప్పు కాదు, కాని అది ఒక్కటే ప్రశ్న కాదు. పిల్లవాడు పూర్ణవలె శిఖరమెక్కకపోవచ్చును, సుమతివలె సభలలో వాయింపకపోవచ్చును. నూటికి తొంబదిమంది అట్టివారు కారు. కాని తాను ప్రేమించిన ఒక పనిని సక్రమముగా చేయుట నేర్చినవాడు రేపు ఏ పని చేసినను సక్రమముగా చేయును. పట్టు దొరకువరకు బరువు వేయనివాడు జీవితమున తొందరపడి పడిపోడు. ఇతరుల తాళమును వినుట నేర్చినవాడు నలుగురిలో పొసగి బ్రతుకగలడు.

దింపు జరిగిన నాటి సాయంకాలమున ఆ తండ్రి మరల మా యింటికి వచ్చెను. చాలసేపు మాటలాడక కూర్చుండి, తుదకు, “మాస్టారూ, వాణ్ణి మానిపించను. కాని తాడు కట్టకుండా ఎక్కనివ్వను. ఆ దింపు ఆయన్నే అడిగి బందం వేయడం నేర్పించమంటాను. మరి ఆయనకు గురుదక్షిణగా ఏమివ్వాలి?” అని యడిగెను. “ముందు ఇంటి అరుగుమీద ఆయనకు పీట వేయుడు. తక్కినది తరువాత ఆలోచింతము” అని నేను చెప్పితిని.

ఇప్పుడా బాలుడు చెట్టెక్కుటకు ముందు బందమును రెండుసార్లు లాగి చూచుకొనుచున్నాడు. పైకి చేరిన పిదప కాయను తట్టి చెవియొగ్గి వినుచున్నాడు. ముదురుకాయ నాదము వాని చెవికి పట్టువడినది. లేతకాయ విషయమున ఇంకను పొరపడుచున్నాడు. తప్పక నేర్చుకొనును.